పెరట్లో ఇటుకల బార్బెక్యూ: ఒకటి పగిలాక నేర్చుకున్న పద్ధతి

మొదటి పొయ్యి నేను కట్టించింది సరిగ్గా కనుమకి పది రోజుల ముందు. బెంగళూరులో కేఆర్ పురం అవతల మా ఇంటి వెనక పన్నెండు అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు ఖాళీ జాగా ఉంది. ఒక మూల కరివేపాకు చెట్టు, ఇంకో మూల బట్టలారేసే తీగ, మిగతాదంతా ఎర్రమట్టి. ఊళ్లో అయితే మూడు రాళ్లు పెట్టి నాలుగు కట్టెలు ఎగదోస్తే పని అయిపోయేది, ఇక్కడ బావమరుదులు, వాళ్ల పిల్లలు అందరూ దిగుతున్నారు కదా కాస్త దర్జాగా ఉండాలని ఇటుకలతో కట్టిద్దామనుకున్నా. మేస్త్రి వచ్చి దిట్టంగా సిమెంటు పెట్టి, నిప్పులు పోసే చోట నున్నగా కడప బండ పరిచి, రెండు రోజుల్లో ముగించేశాడు. కనుమ సాయంత్రం బొగ్గులు రాజేసి చీకులు పెట్టామో లేదో, బండ లక్ష్మీబాంబులా ఢామ్మని పేలింది. రాతి పెచ్చులు లేచి చికెన్‌లో పడ్డాయి, ఎవరి కంట్లోనూ పడకపోవడం మా అదృష్టం. ఇంకో గంటకి పక్కగోడ పైనుంచి కిందికి నిలువునా చీలింది. మిగిలిన చికెన్ అంతా ఇంట్లో పెనం మీద వేయించుకున్నాం. మా ఆవిడ ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ.

తప్పు మేస్త్రిది అనను, ఆయన గోడ కట్టమంటే గోడే కట్టాడు. మామూలు గోడకి ఏ ఇటుకా కదలకుండా ఉండటమే గొప్ప. పొయ్యి సంగతి వేరు. నిప్పు వైపు ఇటుక వేడెక్కి సాగుతుంది, బయటి ఇటుక చల్లగా ఉన్నచోటే ఉంటుంది, రెంటినీ సిమెంటుతో కలిపేస్తే సాగడానికి చోటు లేక ఏదో ఒకటి పగలాల్సిందే. పైగా సిమెంటు మాలు (సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్ద) 300 డిగ్రీలు దాటాక బలం కోల్పోతూ పోతుంది, ఎర్రగా కణకణలాడే బొగ్గులేమో 600, 700 డిగ్రీల పైనే ఉంటాయి. అందుకని రెండోసారి కట్టినప్పుడు పొయ్యిని రెండు ముక్కలుగా అనుకున్నా. బయట సిమెంటుతో కట్టిన మామూలు గోడ, దాని లోపల సిమెంటు అనేదే లేకుండా ఫైర్ బ్రిక్స్ (కొలిమి వేడికి తట్టుకునే ఇటుకలు) ఊరికే పేర్చిన గూడు, రెంటి మధ్య ఒక వేలు సందు. బయటి గోడకీ లోపలి గూటికీ చుట్టరికం కలపకూడదు, అంతే. నిప్పు తగిలే ప్రతి వస్తువూ చేత్తో లాగితే ఊడి వచ్చేలా ఉండాలి. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే కింద చెప్పే కొలతల్లో మీరు అటూఇటూ మార్చుకున్నా పొయ్యి నిలబడుతుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి

బెంగళూరులో వానలు సెప్టెంబర్, అక్టోబర్లలో దంచుతాయి, నవంబర్లోనూ తుపాను పుణ్యమా అని ముసురు పడుతుంది, ఏప్రిల్, మేలలో సాయంత్రం పూట ఉన్నట్టుండి ఉరుములతో కుండపోత. నికరంగా పొడిగా ఉండేది డిసెంబర్ నుంచి మార్చి దాకానే. కనుమ నాటికి పొయ్యి కావాలంటే డిసెంబర్ 1కల్లా పలుగు పట్టాలి. చేతి పని మొత్తం నాలుగు రోజులకి మించదు, మిగతా నెలంతా తడపడం, ఆరబెట్టడం. ఆ నెలే నేను మొదటిసారి ఎగ్గొట్టింది.

ఎక్కడ కట్టాలి

జాగా ఎంచుకునేటప్పుడు ముందు నేల కింద ఏముందో చూడండి. బెంగళూరు ఇళ్లలో సంపు, ఇంకుడు గుంత, మురుగు పైపు చాంబరు, ఇప్పుడు కొన్ని చోట్ల పైపు గ్యాస్ లైను, ఇవన్నీ ఇంటి చుట్టూ ఉన్న ఆ కాస్త జాగాలోనే ఉంటాయి. ఈ పొయ్యి మొత్తం బరువు దగ్గర దగ్గర టన్ను, సంపు మూత మీదో చాంబరు మీదో పెట్టే వస్తువు కాదు. తర్వాత తల పైకెత్తి చూడండి. కొబ్బరి చెట్టు కింద వద్దు, ఎండిన మట్ట ఒక్కటి నిప్పుల్లో పడితే చాలు. కరెంటు తీగలు, బట్టల తీగ, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వీటికి దూరంగా, ఇంటి గోడకి కనీసం పది అడుగులు ఎడంగా ఉంటే మంచిది. కాంపౌండ్ గోడకి ఆనించి కట్టొద్దు, పక్కింటివాళ్లది కూడా అయిన గోడని వేడిచేసే హక్కు మనకి లేదు. పైన రేకుల షెడ్డు వేద్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి. మూడు వైపులా మూసుకుపోయిన చోట బొగ్గు కాలిస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి వాసనా ఉండదు, రంగూ ఉండదు.

గాలి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గాలి పడమర, నైరుతి నుంచి తోలుతుంది, చలికాలంలో తూర్పు, ఈశాన్యం నుంచి వస్తుంది. పొయ్యికి మూడు వైపులా గోడ, ఒక వైపు నోరు. గాలి వెనకగోడ మీదుగా వస్తే గోడ దాటగానే సుడి తిరిగి పొగంతా నిలబడ్డవాడి మొహానికే కొడుతుంది. నోటి వైపు నుంచి వస్తే బూడిద లేచి ముక్కలకి అంటుతుంది. పక్కనుంచి వస్తేనే హాయి. కాబట్టి నోరు ఉత్తరానికో దక్షిణానికో పెట్టండి, ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి పక్కవాటుగా పోతుంది. మా మామగారు ఫోన్లో ఆగ్నేయ మూలే ఉండాలని పట్టుబట్టారు. మా అదృష్టం కొద్దీ ఆగ్నేయంలోనే జాగా కుదిరింది, లేకపోతే ఆ సంక్రాంతికి చర్చ వేరేలా ఉండేది.

జాలీ ముందు, గోడ తర్వాత

చాలామంది గోడ కట్టేసి, దానికి సరిపోయే జాలీ కోసం ఊరంతా తిరుగుతారు. ముందు ఫైర్ బ్రిక్స్ కొలత, దాన్నిబట్టి జాలీ కొలత, దాన్నిబట్టి గోడ. ఫైర్ బ్రిక్ మామూలుగా 9 అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, 3 మందం ఉంటుంది. నేను గూడు లోపలి కొలత 27 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల లోతు పెట్టుకున్నా. అంటే వెడల్పుకి మూడు ఇటుకలు, లోతుకి రెండు, ఎక్కడా వంకర ముక్కలు కోసే పని లేదు. పైన ముక్కలు కాల్చే జాలీ 32 అంగుళాలు, 18 అంగుళాలు. రెండు చివరలా రెండున్నర అంగుళాల చొప్పున గూటి గోడల మీద కూర్చుంటుంది. దీనికి గోడలో కడ్డీలు పాతక్కర్లేదు, కొక్కేలు అక్కర్లేదు.

జాలీ దగ్గర్లోని వెల్డింగ్ షాపులో చేయించుకోండి. స్టెయిన్‌లెస్ స్టీలు 304 రకం, 6 ఎంఎం కడ్డీలు, కడ్డీకీ కడ్డీకీ మధ్య అర అంగుళం. షాపువాడు అయస్కాంతం పెట్టి 'అంటుకోలేదు చూడండి సార్, 304' అంటాడు, నమ్మకండి, 202 రకం కూడా అయస్కాంతానికి అంటుకోదు. బిల్లు మీద 304 అని రాయించుకోండి. బొగ్గులు పోసే కింది జాలీ మామూలు ఇనుము చాలు, 10 లేదా 12 ఎంఎం కడ్డీలతో 26 అంగుళాలు, 17 అంగుళాలు. అది కాలిపోయి అరిగిపోయే వస్తువే, నాలుగేళ్లకో ఐదేళ్లకో మార్చుకోవాలి. జీఐ మెష్ మాత్రం ఎంత చవగ్గా వచ్చినా వద్దు. దాని మీద ఉండేది జింకు పూత, 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది, బాగా వేడెక్కితే వచ్చే పొగ పీలిస్తే చలిజ్వరం పట్టుకుంటుంది. పాత ఫ్రిజ్ అరలు కూడా ఆ కారణానికే వద్దు, వాటి మీద ఏ పూత ఉందో మనకి తెలియదు.

సరుకు

మామూలు ఇటుకలు 150. లెక్కకి 120 చాలు, కానీ విరిగేవి విరుగుతాయి. మాలూరు వైపు నుంచి వచ్చే ఎర్ర ఇటుకలు మా పక్క బాగా దొరుకుతాయి, చిక్కల్లా లోడు లెక్కన తప్ప వందా నూటయాభై ఎవరూ దింపరు. వీధి చివర ఇల్లు కడుతున్నవాళ్లని అడగండి, అక్కడి మేస్త్రిని పలకరిస్తే మిగిలినవి ఇప్పిస్తాడు. రెండు ఇటుకలు ఒకదానికొకటి కొడితే ఖంగుమనాలి, మొద్దుగా శబ్దం వస్తే లోపల సరిగా కాలలేదని అర్థం. గోరుతో గీస్తే గీత పడకూడదు, నడుమెత్తు నుంచి కిందపడేస్తే ముక్కలు కాకూడదు. సిమెంటు బ్లాకులు, బోలు బ్లాకులు ఈ పనికి వద్దు.

ఫైర్ బ్రిక్స్ 60. గూటికి 32, అడుక్కి 20, మిగతావి జాలీ ఎత్తు మార్చడానికీ విడిగా ఉంచుకోవడానికీ. పీణ్య పారిశ్రామికవాడ వైపు ఫౌండ్రీలకి (లోహం పోతపోసే కార్ఖానాలకి) సరుకు వేసే దుకాణాల్లో దొరుకుతాయి. పాత కొలిమిల్లోంచి ఊడదీసినవి సగం ధరకే ఇస్తామంటారు, వాటిలో ఏ లోహం కరిగిందో, ఏ మందు ఇంకిందో, వాటి మీద మనం తిండి కాల్చుకోవాలా? కొత్తవే తీసుకోండి. అరవై ఇటుకలు రెండు క్వింటాళ్ల పైన తూగుతాయి, కారు డిక్కీలో వేసుకొచ్చి షాకబ్జార్లు పాడు చేసుకోకుండా ట్రాలీ ఆటో మాట్లాడుకోండి.

సిమెంటు రెండు బస్తాలు, రాయి దంచి తీసే ఇసుక ఎం-శాండ్ పది అడుగులు (ఘనపుటడుగులు అనాలి, అడుగులంటేనే అందరికీ తెలుస్తుంది), 20 ఎంఎం కంకర పది అడుగులు. ఇక్కడ కంకర అంటే బిత్తరపోతారు, జల్లి అనాలి. 8 ఎంఎం ఇనుప కడ్డీలు పన్నెండు, పధ్నాలుగు ముక్కలు, సెంట్రింగుకి (కాంక్రీటు పోసేటప్పుడు కింద పెట్టే అచ్చుకి) ఒక పాత ప్లైవుడ్ షీటు.

కింది బెడ్డు

అయిదు అడుగులు, మూడున్నర అడుగుల జాగా గీసుకుని ఎనిమిది అంగుళాల లోతు తవ్వండి. మూలలు సరిగ్గా ఉన్నాయా అని చూడటానికి పాత చిట్కా: మూల నుంచి ఒక వైపు 3 అడుగులు, ఇంకో వైపు 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య దూరం కొలిస్తే 5 అడుగులు రావాలి. రాకపోతే మూల వంకర. వేర్లు తీసేసి, మట్టి తడిపి దిమ్మిసతో బాగా కొట్టండి. పైన నాలుగు అంగుళాలు ఇటుక ముక్కలు, కంకర కలిపి దట్టించి, ఆపైన నాలుగు అంగుళాలు కాంక్రీటు, సిమెంటు ఒకటికి ఇసుక మూడు, కంకర ఆరు. మట్టపలక పెట్టి సరిచూసుకోండి. నేల కంటే కాస్త ఎత్తుగా ఉంటే వాన నీళ్లు నిలవవు. మర్నాటి నుంచి గోనెపట్టాలు తడిపి కప్పి, మూడు రోజులు వదిలేయండి.

కాళ్లు, స్లాబు

ఇటుకలన్నిటినీ ముందే డ్రమ్ములో ముంచండి, బుడగలు రావడం ఆగేదాకా. పొడి ఇటుక మాలులోని నీళ్లన్నీ తాగేస్తుంది, ఆ తర్వాత సిమెంటు పట్టుకోదు. మాలు సిమెంటు ఒకటికి ఇసుక ఆరు. మూడు వైపులా గోడ, ముందు వైపు ఖాళీ. బయటి కొలత వెడల్పు 47 అంగుళాలు, లోతు 28. మందం నాలుగున్నర అంగుళాలు చాలు, మూడు గోడలూ మూలల్లో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి పడిపోదు. కాకపోతే మూలల దగ్గర ఒక వరస ఇటు నుంచి వస్తే పై వరస అటు నుంచి రావాలి, నిలువు సందులు ఒకదాని మీద ఒకటి పడకూడదు. ప్రతి వరసకీ దారం కట్టండి, రెండు వరసలకోసారి తూకం గుండు వేలాడదీసి చూడండి. మొదటి వరస తిన్నగా వస్తే మిగతావి వాటంతటవే వస్తాయి, మొదటి వరసలో పావు అంగుళం వంకర ఉంటే పైకి పోయేకొద్దీ అది ఊరందరికీ కనిపిస్తుంది.

ఎన్ని వరసలు అన్నది వండేవాళ్ల ఎత్తుని బట్టి. అయిదు వరసలు కడితే కాల్చే జాలీ నేల నుంచి 37 అంగుళాల దగ్గరికి వస్తుంది, నాలుగైతే 34 లోపు. పొయ్యి దగ్గర నిలబడేది నేనే అని గొప్పగా చెప్పి అయిదు కట్టబోయాను. మా ఆవిడ వచ్చి ఇటుకల పక్కన నిలబడి నా వైపు ఓ చూపు చూసింది. నాలుగే కట్టాను.

కాళ్ల మధ్యలో ప్లైవుడ్ సెంట్రింగు కొట్టి, నాలుగు అంగుళాల మందం స్లాబు వేయండి. సిమెంటు ఒకటికి ఇసుక రెండు, కంకర నాలుగు. 8 ఎంఎం కడ్డీలు రెండు వైపులా ఆరంగుళాల ఎడంతో, అడుగు నుంచి ఒక అంగుళం పైకి ఉండేలా కింద చిన్న రాళ్లు పెట్టి కట్టండి. స్లాబు ముందు వైపు మూడంగుళాలు ఎక్కువగా బయటికి రావాలి, బూడిద లాగేటప్పుడు పనికొస్తుంది. ముందుకి ఒక అర అంగుళం వాలు ఇవ్వండి, లోపల పడ్డ వాన నీళ్లు జారిపోతాయి. పదిరోజులు నీళ్లు కట్టి ఉంచండి, అంటే నిజంగానే చుట్టూ చిన్న మట్టిగట్టు వేసి నీళ్లు నిలబెట్టడం, పొద్దున్న ఆఫీసుకి వెళ్తూ ఓ మగ్గు చిలకరించడం కాదు. బెంగళూరు చలికి ఎండ తక్కువే కదా అనుకుంటాం, డిసెంబర్ గాలి బట్టల్నే కాదు, స్లాబునీ ఇట్టే ఆరబెట్టేస్తుంది.

పై గోడ

స్లాబు మీద మళ్లీ మూడు వైపులా, కింద గోడకి సరిగ్గా పైన, ఏడు వరసలు. అంటే స్లాబు నుంచి రెండడుగులు. లోపల వెడల్పు 38 అంగుళాలు రావాలి, ఒకటికి రెండుసార్లు టేపు పెట్టి చూసుకోండి, ఎందుకంటే లోపల పేర్చబోయే గూడు బయటి కొలత 36 అంగుళాలు. మిగిలిన రెండు అంగుళాలే రెండు పక్కలా ఆ వేలు సందు. వెనకాల కూడా అంతే సందు వదలాలి. పై వరస మీద మాలుతో ఏటవాలుగా మెత్తితే నీళ్లు నిలవవు. గోడ లోపలి వైపు ప్లాస్టరింగు చేయొద్దు, అది పొరలు పొరలుగా రాలి చికెన్లో పడుతుంది. బయట చేసుకోవాలంటే చేసుకోండి, నాకు ఇటుక ఇటుకలా కనిపిస్తేనే బాగుంటుంది.

ఏడు రోజులు తడపండి. రెండో వారంలో తడపడం ఆపి ఆరనివ్వండి.

గూడు పేర్చడం

పదిహేను నిమిషాల పని ఇది, మా మేస్త్రితో అరగంట వాదన. ఆయనది కోలారు పక్క, తెలుగే మాట్లాడతాడు. 'సార్, మాలు లేకుండా ఊరికే పెడితే ఊడిపోతాది, రేపు నా పేరు చెడతాది' అన్నాడు. 'మేస్త్రీ, అది ఊడిపోవాలనే పెడుతున్నాం' అంటే నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ముందు స్లాబు ముందు అంచున ఒక అంగుళం ఎత్తు చిన్న సిమెంటు గట్టు వేసి, దాంట్లో పెన్సిల్ పట్టేంత బెజ్జాలు రెండు వదలండి, నీళ్లు పోవడానికి. గట్టు ఆరాక లోపలంతా ఒక అంగుళం మందం పొడి ఇసుక పరిచి, చెక్క ముక్కతో చదును చేయండి. ఈ ఇసుక పొర లేకపోతే నిప్పుల వేడి నేరుగా స్లాబుకి దిగుతుంది. ఇసుక మీద ఫైర్ బ్రిక్స్ పడుకోబెట్టి దగ్గర దగ్గరగా పేర్చండి, వెడల్పుకి నాలుగు చొప్పున అయిదు వరసలు, ఇరవై ఇటుకలు. అదే అడుగు.

దాని అంచుల వెంట మూడు వైపులా గూటి గోడ. ఒక వరసలో వెనకాల నాలుగు ఇటుకలు పూర్తిగా, పక్కలకి రెండేసి. పై వరసలో పక్కలు వెనకదాకా వెళ్లాలి, రెండున్నర ఇటుకల చొప్పున, వెనకాల మధ్యలో మూడు. ఇలా మార్చి మార్చి పేరిస్తే మూలలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. ఎటు చూసినా వరసకి ఎనిమిది ఇటుకలే, నాలుగు వరసలకి ముప్పై రెండు. సగం ఇటుకలు కావాలి కాబట్టి రెండు ఇటుకలని ఉలితో చుట్టూ గీత పడేలా కొట్టి విరగండి, లేదా గ్రైండర్ ఉన్నవాడిని పట్టుకోండి. కోసేటప్పుడు మూతికి మాస్కు తప్పనిసరి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. మాలు లేదు, ఫైర్ సిమెంటు లేదు, ఏమీ లేదు. పడుకోబెట్టిన ఇటుక నాలుగున్నర అంగుళాల వెడల్పు ఉంటుంది, దాని బరువే దాన్ని పట్టుకుంటుంది.

గూటి అడుగున నాలుగు మూలలా ఫైర్ బ్రిక్ ముక్కలు పెట్టి వాటి మీద కింది జాలీ, అంటే మూడంగుళాల ఎత్తులో. కింద నుంచి గాలి వస్తుంది, బూడిద కిందికి రాలుతుంది. మూడంగుళాల మందం బొగ్గులు పోస్తే వాటికీ పై జాలీకీ మధ్య ఆరంగుళాలు ఉంటుంది, కోడి కాళ్లకి, చేపకి సరైన ఎత్తు. చీకుల్లాంటి చిన్న ముక్కలకి ఇంకా దగ్గర కావాలంటే వెలిగించే ముందే గూటి పై వరస తీసేస్తే మూడంగుళాలకి దిగుతుంది. నెమ్మదిగా కాల్చాలంటే జాలీ కింద రెండు చివరలా ఒక్కో ఇటుక ఎక్కించండి. మొదటి పొయ్యికి మేస్త్రి గోడలో పాతిన కడ్డీలతో ఈ సుఖం లేదు.

మొదటి మంట

పై గోడ కట్టిన మూడు వారాల లోపు నిప్పు పెట్టకండి. బయటికి పొడిగా కనిపించినా ఇటుక లోపల, స్లాబు లోపల నీళ్లుంటాయి. నీళ్లు ఆవిరైతే 1,600 రెట్లకి పైగా ఉబ్బుతాయి, బయటికి దారి లేకపోతే రాయినైనా పగలగొడతాయి. మా కడప బండని పేల్చింది కూడా దాదాపు ఇదే, పొరల రాయి, పొరల్లో తడి, పైన నిప్పులు.

మొదటిరోజు రెండు గుప్పెళ్ల కొబ్బరి పీచు, చిన్న పుల్లలు, అరగంట మంట. చెయ్యి పెడితే బయటి గోడ గోరువెచ్చగా ఉంటే చాలు. రెండో రోజు ఇంకాస్త. మూడో రోజు ఒక కిలో బొగ్గులు. నాలుగో రోజు పూర్తిగా. గూటి ఇటుకల్లో ఒకటో రెండో సన్నగా చిట్లితే కంగారు పడొద్దు, ఎక్కడివక్కడే ఉండి పనిచేస్తాయి.

బొగ్గు కోసం ఆన్‌లైన్లో చిన్న సంచులకి బోలెడు పోసే ముందు మీ వీధి ఇస్త్రీ బండి ఆయన్ని అడగండి, ఆయన ఎక్కడ కొంటాడో. కట్టె బొగ్గు కావాలి, రాతి బొగ్గు కాదు. కిరోసిన్, పెట్రోలు దగ్గరికి రానివ్వొద్దు, వాసన పోదు, కనుబొమ్మలు పోతాయి. కొబ్బరి పీచు, పైన చిన్న బొగ్గులు, ఒక విసనకర్ర, ఇరవై నిమిషాల ఓపిక. బొగ్గుల మీద బూడిదరంగు పొర వచ్చాకే జాలీ పెట్టాలి, నల్లగా ఉన్నప్పుడు పెడితే పొగ వాసన తప్ప ఏమీ రాదు. బొగ్గులన్నీ ఒక పక్కకి తోసి రెండో పక్క ఖాళీగా ఉంచండి, మంట లేస్తే ముక్కల్ని అటు జరపొచ్చు. పక్కన కడుతున్న ఇంటి సెంట్రింగు చెక్కలు, ప్లైవుడ్ ముక్కలు ఊరికే వస్తాయని పొయ్యిలో పెట్టొద్దు, వాటిలో జిగురు, నూనె ఉంటాయి. పెరట్లో గన్నేరు ఉంటే దాని పుల్లలతో చీకులు గుచ్చొద్దు, మంటలోనూ వేయొద్దు, ఆ చెట్టంతా విషమే.

కోడి ముక్క మధ్యలో వేడి 74 డిగ్రీలు దాటాలి. థర్మామీటరు లేకపోతే ఎముక దగ్గర కోసి చూడండి, ఎర్రటి నీరు రాకూడదు. నాటుకోడిని జాలీ మీద పెట్టి పళ్లు అరగదీసుకోవద్దు, దానికి పులుసే గతి. మా అత్తగారు నాన్‌వెజ్ ముట్టరు, ఆవిడ కోసం ముందు శుభ్రమైన జాలీ మీద నూనె రాసిన వంకాయలు, టమాటాలు, పచ్చిమిరపకాయలు కాలుస్తాం. గ్యాస్ మీద కాల్చిన వంకాయ పచ్చడి ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ తినడం లేదు.

వాన, బూడిద

పొయ్యిని నిప్పు కంటే వాన ఎక్కువ పాడు చేస్తుంది. తడిసిన బూడిద జాలీ మీద అలాగే ఉంటే కింది ఇనుప కడ్డీలని తుప్పు తినేస్తుంది. కాబట్టి మర్నాడు పొద్దున్నే చల్లారాక బూడిద తీసి ఇనుప డబ్బాలో వేయండి. ప్లాస్టిక్ బకెట్లో వేయొద్దు, బూడిద లోపల నిప్పు రాత్రంతా దాక్కుంటుంది. పూర్తిగా చల్లారిన బూడిద గిన్నెలు తోమడానికో, కొద్దికొద్దిగా మొక్కలకో పనికొస్తుంది. వేడి పొయ్యి మీద నీళ్లు చల్లొద్దు. పైన కప్పడానికి వంచిన జింకు రేకు ఒకటి చాలు, అది నిప్పుకి దగ్గర్లో ఉండదు కాబట్టి ఫర్వాలేదు, గాలికి లేవకుండా రెండు ఇటుకలు పెట్టండి.

వానాకాలం అయ్యాక మొదటిసారి వెలిగించేటప్పుడు మళ్లీ చిన్న మంటతోనే మొదలుపెట్టాలి, మళ్లీ తడి ఎక్కి ఉంటుంది కదా. కట్టి రెండేళ్లయింది, ఇప్పటికి గూట్లో మూడు ఇటుకలు రెండు ముక్కలయ్యాయి. పాతవి లాగేసి విడిగా ఉంచినవి పెట్టా, కాఫీ చల్లారేలోపు అయిపోయింది. బయటి గోడ మీద గీత కూడా పడలేదు.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు

ఓనరు ఒప్పుకోరు, సిమెంటు పని కుదరదు అంటే, పైన చెప్పిన గూడొక్కటి కట్టుకోండి చాలు. నేల చదును చేసి రెండంగుళాల ఇసుక, దాని మీద మామూలు ఇటుకలు రెండు వరసలు పొడిగా, వాటి మీద ఫైర్ బ్రిక్స్ అడుగు, చుట్టూ నాలుగు వరసల గూడు. మొజాయిక్, టైల్స్ మీద మాత్రం వద్దు, పగిలితే అడ్వాన్సులో కోస్తారు. నిలబడి కాల్చడం కుదరదు, పీట వేసుకుని కూర్చోవాలి. ఇల్లు ఖాళీ చేసే రోజు ఇటుకలు కూడా సామాన్ల లారీలో ఎక్కించేయండి, ఆ ఇసుక మాత్రం ఓనరుకే వదిలేయొచ్చు.